కితాదె వారి ఖాళీ వాటా

అద్దె ఇళ్లు చూపించే ఏజెన్సీ తలుపు తోసుకుని లోపలికి వచ్చిన ఎబోను చూడగానే కొహారు రెండు చేతులూ ఎత్తి ముఖం ముందు ఇంటూ గుర్తులా పెట్టింది.

"ఇంగ్లిష్... నో! సారీ! నో ఇంగ్లిష్!"

ఎబో గొడుగు దులిపి తలుపు పక్కన ఆనించాడు. "పరవాలేదండీ. నేను కూడా ఇవాళ ఇంగ్లిష్ తెచ్చుకోలేదు. అద్దెకి ఇల్లు కావాలి" అన్నాడు, తడుముకోకుండా జపనీస్‌లో.

కొహారు చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"అబ్బ! జపనీస్ ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!"

"మీరు కూడానండీ."

ఆమెకు నవ్వాలో, క్షమాపణ చెప్పాలో తెలియలేదు. జపాన్‌లోని ఆ కనజావా ఊళ్లో అలాంటప్పుడు అందరూ చేసేదే తానూ చేసింది. టీ పోసింది.

ఎబో క్వాన్సాది ఘనా. చదువుకోవడానికి ఆ ఊరు వచ్చి ఎనిమిదేళ్లయింది. చదువయ్యాక అక్కడే ఉద్యోగంలో చేరాడు. సుషీ హోటళ్లలో ప్లేట్లను కస్టమర్ల ముందు తిప్పే బెల్టులున్నాయే, వాటిని డిజైన్ చేయడం అతని పని. దేశంలో సగం మంది అతని బెల్టు మీది చేపనే తిని, మూతి తుడుచుకుని, "మీరు పచ్చి చేప తినగలరా?" అని అతన్నే అడుగుతారు.

ఇప్పుడు అతను ఉంటున్న పాత భవనాన్ని కూల్చేస్తున్నారు. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి.

"ఎంతసేపండీ, ఇప్పుడే చూసేద్దాం" అంటూ కొహారు ఫోన్ తీసింది. తీయగానే ఆమె గొంతు ఒక మెట్టు పైకెక్కి తేనెలో మునిగింది. "నమస్కారమండీ! ఎప్పుడూ మీ దయేనండీ! చాలా మంచి ఉద్యోగం, మంచి జీతం, సిగరెట్ తాగరు... పేరా? ఎబో గారండీ... కాదండీ, మనవాళ్ల ఎందో కాదు, ఎబో... అవునండీ, విదేశీయులే... అలాగా... అలాగేనండీ... క్షమించండి."

ఫోన్ పెట్టేసి గోడకేసి చూసింది.

"ఏమన్నారు?" అడిగాడు ఎబో.

"అదీ... ఓనరు గారు కొంచెం..."

"కొంచెం ఏమిటండీ?"

"కొంచెం... అంతే."

ఆ 'కొంచెం' తర్వాత ఈ దేశంలో ఎవరూ ఇంకేమీ చెప్పరని ఎబోకి ఎప్పుడో తెలుసు. ఇంకో ఓనరు, వంట వాసన గోడలకి పడుతుందన్నాడు. మరొకావిడ, భూకంపమొస్తే అతనికి ఏ భాషలో చెప్పాలని దిగులుపడింది. ఇంకొకాయన, అమెరికా మనిషైతే ఆలోచించేవాణ్ణన్నాడు.

"ఈ ఇంట్లో కుక్కల్ని పెంచుకోవచ్చని రాశారే?" అన్నాడు ఎబో కాగితం చూపిస్తూ.

"కుక్కలకైతే అభ్యంతరం లేదటండీ."

"నేను మొరగనని చెప్పారా?"

కొహారు ఈసారి నవ్వేసింది. నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనకాల నుంచి చూసిన చూపు మాత్రం ఏజెంటు చూపులా లేదని ఎబోకి అనిపించింది.

ఆ తర్వాత వారమంతా వాన. ఆఫీసు కారులో ఇద్దరూ ఊరంతా తిరిగారు. ఒప్పుకున్న ఇళ్లు కొన్ని లేకపోలేదు. ఒకదానికి కిటికీ లేదు. ఇంకోదానికి కిటికీ ఉంది కానీ, తెరిస్తే పక్కింటివాళ్ల స్నానాల గది.

"మీ ఫోన్ గొంతూ, మీ అసలు గొంతూ అక్కాచెల్లెళ్లా?" అన్నాడు ఎబో కారులో.

"దూరపు చుట్టాలు. ఒకరితో ఒకరికి పడదు."

"నాకు అసలు గొంతే నచ్చింది."

కొహారు అద్దం మీద వాన తుడిచే పుల్లల వేగం ఇంకొంచెం పెంచింది. బయట అంత వాన లేదు.

మధ్యాహ్నం నూడుల్స్ హోటల్లో దూరారు. "రెండు వేడి సోబా, ఒకదాంట్లో ఉల్లికాడలు వద్దండీ" అన్నాడు ఎబో. వడ్డించే ఆవిడ అంతా విని, కొహారు వైపు తిరిగింది.

"ఆయనకి ఉల్లికాడలు పడవా అమ్మా?"

"నాకేం తెలుసండీ? ఆయన్నే అడగండి, ఇక్కడే ఉన్నారు."

"అవునవును... మరి ఆయన నూడుల్స్ తినగలరా?"

కొహారు ముఖం ఎర్రబడింది. "నేను తినగలనండీ. ఆయన సంగతి ఆయన చెప్తారు!"

అయినా సోబాతో పాటు ఒక ఫోర్కు వచ్చింది. ఎబో దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టి చాప్‌స్టిక్ పుల్లలు విడదీసుకున్నాడు.

"మా ఇంట్లో చేత్తోనే తింటాం. ఈ ఫోర్కు నాకూ పరాయిదే."

"మీకు కోపం రాదా?" అంది కొహారు. ఆమెకు మాత్రం బాగానే వచ్చింది.

"మొదట్లో వచ్చేది. రోజూ వస్తే ఆఫీసుకెప్పుడు వెళ్లేది? సైకిలెక్కితే ఇది నీదేనా అని పోలీసు ఆపుతాడు. రైలెక్కితే ఎంత రద్దీలోనైనా నా పక్క సీటు ఖాళీ. ఒకందుకు సుఖమే, నా బ్యాగు కూడా కూర్చుని ప్రయాణం చేస్తుంది."

"ఈసారి నేను కూర్చుంటాను ఆ సీట్లో."

అనేశాక, ఏమన్నానా అన్నట్టు కొహారు గిన్నెలోకి చూసింది. ఎబో కూడా తన గిన్నెలోకి చూశాడు. ఇద్దరూ నూడుల్స్‌ను అంత శ్రద్ధగా ఎన్నడూ తినలేదు.

ఆ శనివారం ఎబో నది ఒడ్డున ఒంటరిగా నడుస్తుంటే ఒక మూడంతస్తుల ఇల్లు కనిపించింది. శుభ్రంగా ఉంది. మెట్ల పక్కన హైడ్రేంజా పూలు వానకి తలలు వాల్చి ఉన్నాయి. గోడ మీద 'వాటా ఖాళీ' అన్న బోర్డు, దాని కింద కొహారు ఆఫీసు ఫోన్ నంబరు. పైన ఇంటి పేరు: మేజోన్ కితాదె.

కొహారు ఇంటిపేరు కితాదె.

సోమవారం సాయంత్రం ఆఫీసుకి వెళ్లి నిలబడే అడిగాడు. "నది పక్కన ఒక మంచి ఇల్లుంది. అది చూపించలేదేమండీ?"

కొహారు చేతిలోని పెన్ను కింద పడింది. "ఆ ఓనరు గారు... కొంచెం..."

"ఎవరా ఓనరు?"

"మా నాన్న."

బయట బస్సు ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ పోయింది.

"ఊళ్లో అందరికీ ఫోన్ చేశారు" అన్నాడు ఎబో నెమ్మదిగా. "ఒక్క మీ ఇంటికి తప్ప."

"వేరేవాళ్లు కాదంటే వాళ్ల మీద కోపం తెచ్చుకోవచ్చు. నాన్న కాదంటే ఏం చేయాలో తెలియలేదు. అందుకే అడగలేదు."

ఎబో అరవలేదు. నడుం వంచి, బ్యాంకు మేనేజర్లు కూడా వాడనంత మర్యాదైన జపనీస్‌లో, ఇన్నాళ్లూ తన కోసం శ్రమపడినందుకు కృతజ్ఞతలనీ, ఇకపై వేరే ఏజెన్సీని ఆశ్రయిస్తాననీ చెప్పి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేదనుకుంది కొహారు. ఆ మర్యాద తిట్టు కన్నా లోతుగా దిగింది.

వేరే ఏజెన్సీలో ఒక యువకుడు ఎబోని చూసి చేతులు ఇంటూ గుర్తులా పెట్టాడు. ఎబోకి జోకు వేయబుద్ధి కాలేదు.

ఆదివారం మధ్యాహ్నం అతను గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే బెల్లు మోగింది. తలుపు తీస్తే కొహారు. జుట్టంతా తడిసి నుదుటికి అంటుకుంది. ఎప్పుడూ వాన కురిసే కనజావాలో పుట్టి పెరిగిన పిల్ల గొడుగు లేకుండా వచ్చిందంటే ఏదో పెద్ద విషయమే.

"లోపలికి రావచ్చా? ఒక ఫోన్ చేయాలి. మీరు వినాలి" అంది ఆయాసపడుతూ.

గుమ్మంలోనే నిలబడి స్పీకరు పెట్టింది. ఫోన్‌లో మొదటిసారి తన అసలు గొంతుతో మాట్లాడింది.

"నాన్నా, మన ఖాళీ వాటాకి ఒకాయన ఉన్నారు."

"ఏం చేస్తాడు?" అవతల గొంతు బొంగురుగా ఉంది.

"సుషీ బెల్టుల కంపెనీలో ఇంజినీరు."

"భేష్. తాగుతాడా?"

"కొంచెం."

"కొంచెమేం పాపం? పేరు?"

"ఎబో క్వాన్సా. ఘనా నుంచి వచ్చారు."



"ఘనా అంటే... దుకాణాల్లో ఆ పేరుతో అమ్మే చాక్లెట్టా?"

"చాక్లెట్టే నాన్నా."

"నీకు తెలుసుగా అమ్మాయ్, విదేశీయులకి మనం ఇవ్వం."

"ఇచ్చి ఎప్పుడైనా ఇబ్బంది పడ్డావా?"

"ఇవ్వలేదు కాబట్టే పడలేదు."

"పోయినేడాది అద్దె ఎగ్గొట్టి పారిపోయిన మొరిషిత ఏ దేశం?"

"వాడా... వాడిది పక్క వీధేలే. వాడి మాట ఎందుకిప్పుడు! సరే, ఇతనికి పూచీ ఎవరు?"

"నేను."

"ఏజెంటు పూచీ ఉండకూడదు. ఆ మాత్రం నాకు తెలీదా?"

"ఏజెంటుగా కాదు."

"మరింకేమిటిగా?"

కొహారు కళ్లు మూసుకుంది. "నాకు ఆయనంటే ఇష్టం నాన్నా."

అవతల టీవీలో ఎవరో నవ్వుతున్నారు. ఆ టీవీ ఆగిపోయింది. ఇవతల ఎబో చేతిలోని గిన్నె అట్టపెట్టెకీ గాలికీ మధ్య ఆగిపోయింది.

"ఆ మాట ముందు నాకు చెప్పాలి కదండీ!" అన్నాడు గుసగుసగా.

"ఏజెంట్లు ముందు ఓనరునే అడుగుతారు" అంది ఆమె కూడా గుసగుసగానే.

"అతను అక్కడే ఉన్నాడా?" అన్నాడు కితాదె గారు.

"ఉన్నానండీ. నమస్కారం."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఇల్లు ఇవ్వను."

"నాన్నా!"

"అరవకు. పైవాటాలో నువ్వుంటావు, కిందవాటాలో ఇతన్ని పెట్టమంటావా, పెళ్లీ పెటాకులూ లేకుండా? వీధిలో తల ఎత్తుకోవద్దూ? ఏ కుర్రాడికైనా ఇదే మాట. ప్రధానమంత్రి కొడుకైనా ఇవ్వను!"

ఎబో ముఖం మెల్లగా వెలిగింది. ఎనిమిదేళ్లుగా ఎన్నో తలుపులు అతనికి మూసుకున్నాయి. పెళ్లికాని మగవాడన్న ఒక్క కారణంతో మూసుకున్న తలుపు ఇదే మొదటిది. తోటి మగవాళ్లందరితో సమానంగా, న్యాయంగా, గౌరవంగా మూసుకుంది.

"థాంక్సండీ" అన్నాడు మనస్ఫూర్తిగా.

"ఇవ్వనంటే థాంక్స్ ఏమిటయ్యా? ఉండండి, మా నకదా గాడికి ఒక ఇల్లుంది. పూచీ నేనుంటాను. అడిగి చెప్తా."

ఫోన్ పెట్టేశాడు. ఇద్దరూ అట్టపెట్టెల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ఎబో తువ్వాలు ఇచ్చాడు. ఆమె తల తుడుచుకుంటూ దాని చాటున ఉండిపోయింది, తుడవడానికి ఇంకేమీ మిగలకపోయినా.

ఫోన్ మోగింది. పెద్దాయన ఊగిపోతున్నాడు.

"ఆ నకదా గాడు ఏమన్నాడో తెలుసా? విదేశీయులు ఇంట్లో బూట్లతో తిరుగుతారట! నలభై ఏళ్ల స్నేహం! వాడికి బుద్ధుందా?"

"నువ్వేమన్నావు?"

"నువ్వు తాగొచ్చిన ప్రతిసారీ బూట్లతోనే పరుపెక్కుతావని మీ ఆవిడ చెప్పిందిరా అన్నాను. అసలు మనిషిని చూడకుండా అలా ఎలా అంటారే జనం?"

"ఏమో నాన్నా. నాకూ అర్థం కాదు" అంది కొహారు పెదవి కొరుక్కుంటూ.

అవతల పెద్దాయన తడబడ్డాడు. "సర్లే. ఆ మాటకి నోరు మూసుకుని నకదా ఇల్లిచ్చాడు. వచ్చే ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి" అని గబుక్కున పెట్టేశాడు.

వాన తగ్గి చూరు నుంచి చినుకులు మాత్రమే పడుతున్నాయి. కొహారు తువ్వాలు మడత పెట్టింది.

"మా నాన్న చెప్పాడు. నేను చెప్పాను. మీరే ఇంకా ఏమీ చెప్పలేదు."

ఎబో నోరు తెరిచాడు. ఎనిమిదేళ్లుగా ఊరంతా మెచ్చుకున్న జపనీస్‌లో ఒక్క ముక్క రాలేదు. వెతికాడు, చేతులు నలుపుకున్నాడు, చివరికి వాళ్లమ్మ భాషలో ఒక చిన్న మాట అనేశాడు.

కొహారు ముందుకి వంగింది. అర్థమేమిటని అడగలేదు. అతని ముఖంలోనే కనిపిస్తోంది.

"ఇంకోసారి అనండి" అంది. "కొంచెం నెమ్మదిగా. ఈ భాషకి నేను కొత్త."