సందుల్లో నలుపు

పొద్దున ఏడు గంటలు. మదనపల్లెలోని ఆ ఇంట్లో రేవతి బాత్రూము నేల మీద గొంతుకూర్చుని, టైల్స్ సందుల్లో పూసిన బ్లీచింగ్ ముద్దను పాత పళ్ళ బ్రష్షుతో రుద్దుతోంది. కళ్ళు మండుతున్నాయి. పోయిన ఆదివారం తెల్లబడిన సందుల్లో మళ్ళీ నల్లటి చుక్కలు మొలిచాయి.

భర్త మురళీధర్ భుజాన తువ్వాలుతో వచ్చాడు. "ఇంకా కాలేదా? నాకు టైమవుతాండాది."

రేవతి బ్రష్షు విసిరికొట్టింది. అది అతని కాళ్ళ దగ్గర పడింది.

"కండ్లు పెట్టి సూడండి! మా అమ్మ ఊరికి పోయి నెలన్నర. ఈ నలుపు ఎందుకు పోలేదు?"

"పొద్దున్నే మొదలుపెట్టినావా?"

"మొదలుపెట్టింది మీరు! ఆముదం పూసుకుని, సీకాయతో తలంటుకుని బాత్రూమంతా మసి చేస్తాండాదని నడింట్లో అరిచింది మీరు గాదా? ఆ యమ్మ మధ్యాహ్నం బస్సుకే కుప్పం ఎలబారిపాయ."

"నేను పొమ్మన్నానా?"

"నోటితో పొమ్మనాల్నా? ముసలి మనిషి నీళ్ళు పోసుకుని వచ్చినాక ఎనకాలే పోయి గోడలు సూస్తిరి!"

ఆ సందులు గీకించి కొత్తగా నింపించడానికి మురళీధర్ పుంగనూరు నుంచి పిలిపించిన మేస్త్రి తిమ్మప్ప అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. అరుపులు విననట్టే లోపలికి వెళ్ళి, నలుపును గోరుతో గీకి వాసన చూశాడు. తర్వాత తలెత్తాడు.

"వెంటిలేటర్‌కు ఆ ప్లాస్టిక్ షీటు ఎవురు కొట్టిరప్పా?"

"నేనే. డిసెంబర్లో సలిగాలి వస్తాందని."

"మరి ఉడుకునీళ్ళ ఆవిరి యాడికి పోవాల? ఇది బూజప్పా. షీటు పీకకుండా నువ్వు బంగారం పెట్టి నింపినా మళ్ళా వస్తాది."

"సీకాయ వల్ల గాదా?"

"సీకాయ మరకైతే నీళ్ళు పోస్తే పోతాది."

మురళీధర్ తాను కొట్టిన నాలుగు మేకుల వైపు చూశాడు.

"ఇన్నారా?" అంది రేవతి. అతని కాళ్ళ దగ్గర పడిన బ్రష్షు తీసుకుంది. "ఆ పొద్దు సంచి సర్దిచ్చింది నేను. మీకు ఒక్క మాట ఎదురు చెప్పలేకపోతిని."

ఆ రోజే మేకులు పీకి, సందులు నింపే పని తిమ్మప్పకు అప్పజెప్పి, మురళీధర్ కుప్పం బస్సెక్కాడు. అత్త కుప్పమ్మ ముందు తలవంచుకుని జరిగిందంతా చెప్పాడు.

"మేస్త్రి చెప్తే గానీ నమ్మలేదా నాయనా?" అందామె. ఆమే లేచి చీరలు సంచిలో పెట్టుకుంది. "నా బిడ్డను సూడల్ల, అందుకే వస్తాండా."

మరునాడు పొద్దున బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగి చాలాసేపయింది. కుప్పమ్మ బయటికి రాలేదు. రేవతి కంగారుగా తలుపు తోసింది. తడి జుట్టు వీపున కారుతుండగా, తల్లి వంగి కొబ్బరిపీచుతో కొత్తగా నింపిన తెల్లటి సందులు రుద్దుతోంది.

"మరక పడిందేమోనని సూస్తాండా అమ్మా. అయిపోతాది, ఉండు."

రేవతి ఆ తడిలోనే కూలబడి తల్లిని పట్టుకుని ఏడ్చింది. వెనకే వచ్చిన మురళీధర్ లుంగీ ఎగగట్టి కింద కూర్చున్నాడు. అత్త వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి పీచు తీసుకున్నాడు.

"నేను రుద్దుతా అత్తా. నువ్వు పోయి తల తుడుసుకో."

తెరిచిన వెంటిలేటర్లోంచి చలిగాలి రివ్వున కొడుతోంది. మూయమని ఎవరూ అనలేదు.