పదిహేడో మిషన్

ఇంట్లో కూర్చుని బటన్ నొక్కితే చాలు, కోరిన సినిమా టీవీలోకి వచ్చేస్తుందని మా కంపెనీ ఊరంతా ఊదరగొట్టింది. కంప్యూటరే పంపిస్తుందని జనం నమ్మేశారు. కంప్యూటరూ లేదు, గింప్యూటరూ లేదు. సెల్లార్‌లో నలభై వీసీఆర్‌లు, వాటి మధ్య పరుగులు తీసే నేను. ఏ ఇంటి దీపం వెలిగితే ఆ ఇంటి మిషన్లో క్యాసెట్ పెట్టాలి. అక్కడ వాళ్ళు పాజ్ నొక్కితే ఇక్కడ పసుపు దీపం వెలుగుతుంది, నేను పాజ్ నొక్కాలి.

ఆ మధ్యాహ్నం పదిహేడు వెలిగింది. అది మా ఇల్లే. కాలు విరిగి కట్టుతో ఉన్న చెల్లెలు ఒక్కతే ఉంది. "మహారాణికి పొద్దుపోవట్లేదు కాబోలు" అని గొణుక్కుంటూ వెళ్తే, మిషన్లో అప్పటికే ఏదో క్యాసెట్ ఉంది. దాని మీద పేరు లేదు. ఏమిటో చూద్దామని ప్లే నొక్కాను.

మిషన్ పక్కనున్న బుల్లి తెర మీద మా ముందుగది. సోఫాలో చెల్లెలు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాను. తెర మీద చెల్లెలు చెయ్యి చాచి ఫోన్ ఎత్తింది.

"అక్కా, భోజనం చేశావా? నేనైతే ఇప్పుడే..."

పసుపు దీపం వెలిగింది. అలవాటు కొద్దీ పాజ్ నొక్కేశాను. మాట సగంలో తెగిపోయింది. తెర మీద దాని నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మళ్ళీ ప్లే నొక్కాను.

"...తిన్నాను" అంది, ఏమీ ఎరగనట్టు.

వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. మోటార్ల రొద. క్యాసెట్లో రీలు అంగుళం కూడా మిగల్లేదు. అది అయిపోతే? అయిపోతే నా చెల్లెలు... దేవుడా! గబగబా వెనక్కి తిప్పాను.

"అక్కా, భోజనం చేశావా?..."

రీలు చివరికొచ్చేసరికి మళ్ళీ తిప్పాను. మళ్ళీ. మళ్ళీ. ఐదుసార్లు.

ఆరోసారి ఆ మాట రాలేదు. గుసగుసగా అంది.

"అక్కా... ఇంక తిప్పకే."

"ఏమైందే?"

"మన టీవీలో నువ్వు కనిపిస్తున్నావు. నీ వెనక ఎవరో ఉన్నారే... నువ్వు తిప్పినప్పుడల్లా ఒక్కో అడుగు దగ్గరికొస్తున్నారు."

వెనక్కి చూసే ధైర్యం లేదు. రీలు పలచబడిపోతోంది...

"నీకు దణ్ణం పెడతాను, తిప్పకే..."

"నోర్ముయ్" అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. తిప్పకపోతే అది నాకు దక్కదు. నా చేతుల్లో పెరిగిన పిల్ల. వేలు రివైండ్ మీద పెట్టాను.

ఆ వేలి మీద ఇంకో వేలు పడింది. చల్లగా ఏమీ లేదు, మామూలు మనిషి వేలే. మెల్లగా, ఈ పని బాగా తెలిసినట్టు, నా వేలిని స్టాప్ మీదికి జరిపింది.