కొలవకుండా కోసిన పట్టీలు

మంగళవారం పొద్దున్నే వెర్నా జ్వీబాక్ పిండి ముద్దలు చేస్తోంది. పెద్ద ముద్ద మీద చిన్న ముద్ద పెట్టి బొటనవేలితో నొక్కితే, పొయ్యిలోంచి వచ్చేసరికి తలమీద తల ఎక్కినట్టు ముచ్చటగా ఉంటాయి ఆ రొట్టెలు. పెళ్ళయిన నాటినుంచీ చేస్తున్న పనే. కానీ ఆ పొద్దున ఒక్కటీ కుదురుగా కూర్చోలేదు. నొక్కిన ముద్ద నొక్కినట్టే పక్కకి జారిపోతోంది. జారదూ మరి? చేతులు పిండిలో ఉన్నాయి గానీ మనసు ముందుగదిలో కుట్టుమిషను దగ్గరుంది.

శనివారం మనవరాలు జోలీన్ పెళ్ళి. గురువారం చర్చి కిందిగదిలో చట్రం వేస్తారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా దాని చుట్టూ కూర్చుని పెళ్ళిబొంతకి సూదికుట్లు వేస్తారు. అప్పటికి బొంత పైగుడ్డ సిద్ధమై ఉండాలి. పెళ్ళికూతురు బొంత లేకుండా గడప దాటిందన్న మాట ఆ గోధుమ పల్లెల్లో ఎన్నడూ వినలేదు.

ఆ బొంతలో గడులన్నీ మార్లిస్ కుట్టినవి. మార్లిస్ అంటే వెర్నా కూతురు, జోలీన్ తల్లి. పిల్ల పుట్టినరోజుకల్లా గుడ్డముక్కలతో నక్షత్రం వచ్చేలా ఏటా ఒక చుక్క గడి కుట్టి, రేకు డబ్బాలో దాచేది. పన్నెండో చుక్క కుట్టిన ఏడే జబ్బు చేసి పోయింది. డబ్బా వెర్నా ఇంటికొచ్చింది. ఆ రోజు అలమరలో పెట్టిన డబ్బాని వెర్నా మళ్ళీ తెరవలేదు. దుమ్ము తుడిచేది, మూత ముట్టుకునేది కాదు.

తర్వాత కొన్నేళ్ళకి అల్లుడు డ్వైట్ నడీన్‌ని చేసుకున్నాడు. నడీన్ పక్క జిల్లా మనిషి, నిదానస్తురాలు, పిల్లని బాగానే చూసుకుంది. ఆమెని వెర్నా ఏనాడూ ఒక చెడ్డమాట అనలేదు. మంచిమాటా అనలేదు. కూతురింటి గుమ్మంలో నిలబడి మాట్లాడి వచ్చేసేదే గానీ, లోపలికెళ్ళి కూర్చునేది కాదు.

ఇప్పుడు పెళ్ళి వచ్చింది. శనివారం ముందు వరసలో, పెళ్ళికూతురి తల్లి కూర్చునే చోట నడీన్ కూర్చుంటుంది. ఫోటోల్లో నడీన్ ఉంటుంది. ఇక మార్లిస్‌కి మిగిలిన చోటల్లా ఆ బొంత ఒక్కటే. అది కూడా చెదిరితే కూతురు ఈ లోకంలో ఉండిపోవడానికి ఇంకేం లేదని వెర్నా బెంగ. ఆ బెంగ వారం నుంచీ ఆమెని అన్నం ముట్టనివ్వలేదు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ జోలీన్ బొంత మాట కదిపింది కూడా.

"అమ్మమ్మా, మూలరాళ్ళు నడీన్ పిన్ని చేత కుట్టిద్దామా?"

గడికీ గడికీ మధ్య పట్టీలు వేస్తారు కదా, ఆ పట్టీలు కలిసేచోట చదరంగా ఓ ముక్క వస్తుంది. దాన్ని మూలరాయి అంటారు వాళ్ళు. అది కుదురుగా పడితే చుట్టూ ఉన్న నాలుగు గడులూ దాన్ని పట్టుకుని నిలబడతాయి. పడలేదో, పై వరస ఒక దారి, కింది వరస ఒక దారి. అందుకే మూలరాళ్ళు పెళ్ళికూతురి తల్లి చేత్తోనే పడాలని ఆచారం.

"తల్లి పెట్టాలి. తల్లి లేకపోతే తల్లిని కన్నది పెట్టాలి," అంది వెర్నా. "మధ్యలో వేరే చెయ్యి ఎందుకు?"

"వేరే చెయ్యి ఏంటి అమ్మమ్మా. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చున్న చెయ్యేగా."

వెర్నా కారు తలుపు కాస్త గట్టిగానే వేసింది. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

రొట్టెలు పొయ్యిలో పెడుతుంటే ఫోను మోగింది. అవతల అడీనా. చర్చి ఆడవాళ్ళకి పెద్ద ఆవిడే గానీ, నోట్లో నువ్వుగింజ నానదు.

"వెర్నా, పైగుడ్డ అయిందా?"

"అవుతోంది."

"అవుతోందంటే కాలేదన్నమాట. గురువారం పొద్దున్నే చట్రం బిగించేస్తాం. ఉత్త చట్రం చుట్టూ కూర్చుని కాఫీ తాగి లేచిపోమంటావా ఏంటి?"

"తెస్తానన్నాగా, అడీనా. నేనెప్పుడైనా ఆలస్యం చేశానా?"

"చెయ్యలేదు. అందుకే భయమేస్తోంది."

ఫోను పెట్టేసి వెర్నా చేతులు కడుక్కుంది. ఇక తప్పదని డబ్బా దించింది.

పట్టీలు కోసి ఉంచింది కిందటి వారమే. మార్లిస్ నీలం గౌనుని విప్పదీసి, ఒక్క అంగుళం వృథా పోకుండా పట్టీలన్నీ కోసేసింది. గడి ఎంతుండాలో తనకి తెలియనిదా? మార్లిస్‌కి లెక్క నేర్పిందే తను. ఆ లెక్క ప్రకారమే కోసింది.

మూత తెరిచి మొదటి చుక్కని బల్ల మీద పరిచింది. నీలం పట్టీని పక్కన పెట్టింది. పట్టీ చివర గడి చివరికి అందలేదు.

మళ్ళీ సరిచేసి పెట్టింది. అందలేదు. రెండో గడి తీసింది, మూడోది తీసింది. ఆఖరికి డబ్బాలో ఉన్నవన్నీ తీసి పరిచింది. ప్రతి గడీ పట్టీ కంటే అర అంగుళం పెద్దది.

మార్లిస్ చిన్నప్పటి నుంచీ అంతే. కుట్టు అంచు సన్నంగా వేసేది. "ఇంత అంచున కుడితే ఊడిపోదుటే" అని తల్లి ఎన్నిసార్లు మొత్తుకున్నా వినేది కాదు. ఒక్కో అంచులో మిగిలిన ఆ కాస్త గుడ్డే కూడి కూడి గడి పెరిగిపోయింది. ఇది వెర్నాకి తెలుసు. ఊళ్ళో సూది పట్టిన ప్రతి పిల్లకీ మొదటి పాఠంగా తనే చెప్పేది: లెక్కని నమ్మకు, గడిని కొలిచి పట్టీ కొయ్యి. కానీ గడిని కొలవాలంటే డబ్బా తెరవాలి. తెరవాల్సి వస్తుందనే భయంతోనే కళ్ళు మూసుకుని ముందు పట్టీలు కోసేసింది.

నీలం గుడ్డ ఇక లేదు. చంకల దగ్గరి పీలికలు, బొత్తాల పట్టీ, అంతే మిగిలింది. అలాంటి నీలం ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు. దొరికినా అది మార్లిస్ ఒంటి మీది గుడ్డ కాదు.

గడియారం టక్కుటక్కుమంటోంది. పొయ్యిలోంచి మాడు వాసన వస్తున్నా వెర్నా లేవలేదు. ఒక్కటే దారి తోచింది. గడుల్నే నాలుగు పక్కలా కాస్త కత్తిరించేస్తే పట్టీకి సరిపోతాయి. చుక్కల మొనలు కుట్టులోకి పోతాయి. పోతే పోనీ. మొండి చుక్కలైనా చుక్కలేగా. కత్తెర తీసుకుంది, మొదటి గడి అంచుకి ఆనించింది.

"అమ్మమ్మా, ఏదో మాడుతోంది," అంటూ జోలీన్ పొయ్యి ఆర్పేసి వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చింది. వెనకే వెన్న డబ్బాలు పట్టుకుని నడీన్. జోలీన్ బల్ల దగ్గర ఆగిపోయింది. "అదేంటి, అమ్మ గడుల్ని కోస్తున్నావా?"

"సరిచేస్తున్నాను. ఎగుడుదిగుడుగా ఉన్నాయి."

జోలీన్ ఒక పట్టీ తీసి గడి పక్కన పెట్టి చూసింది. "గడులన్నీ ఒక్కలాగే ఉన్నాయిగా. పట్టీలే పొట్టిగా ఉన్నాయి. కొలవకుండా కోశావా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వెర్నా గయ్‌మంది. "నాకు కొలతలు నేర్పుతావా నువ్వు? మీ అమ్మకి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది నేను. నాకు తెలుసు ఏది కొయ్యాలో. రోజులు లేవు, గుడ్డ లేదు, తప్పుకో."

"కొయ్యకండి," అంది నడీన్.

అంతవరకూ ఆ ఇంట్లో నడీన్ గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. వెర్నా కత్తెర దించకుండానే తల తిప్పింది.

"ఇది నా కూతురి బొంత. నీకేం పట్టింది?"

"పట్టింది. ఆమె పిల్లని ఆమె చోట నిలబడి పెంచాను. ఆ పిల్ల కోసం ఆమె కుట్టిన చుక్కల్ని నా కళ్ళముందే మొండి చేస్తుంటే ఊరుకుంటే, రేపు పైలోకంలో ఆమె ఎదురైతే ఏం చెప్పుకోను?"

"ఆమె చోట. అదిగో, ఆ మాట నోట్లోంచి వచ్చిందిగా," అంది వెర్నా. "ఇల్లు నీదే అయింది. మనిషి నీవాడే అయ్యాడు. శనివారం ముందు వరస కూడా నీదే. ఇదొక్కటీ నాకు వదిలెయ్యి."

జోలీన్ ఏడవడం మొదలుపెట్టింది. నడీన్ మాత్రం వెన్న డబ్బాలు కింద పెట్టి, కుర్చీ లాక్కుని వెర్నా ఎదురుగా కూర్చుంది.

"నాదే అయిందా ఇల్లు? వెర్నా గారూ, మీరొకసారి లోపలికొచ్చి చూడండి. కప్పులు ఆమె తగిలించిన కొక్కేలకే ఉన్నాయి. ఉప్పు డబ్బా ఆమె పెట్టిన చోటే ఉంది, నాకు అందకపోయినా స్టూలెక్కి తీసుకుంటాను. వంటింటి కిటికీకి తెరలు కడదామని పెళ్ళయిన కొత్తలో పసుపుపచ్చ పూలగుడ్డ కొన్నాను. ఇప్పటికీ మడత విప్పలేదు. ఆమె తెర తీసేస్తే జోలీన్ ఏమనుకుంటుందో, మీరేమనుకుంటారోనని. ఆ ఇంట్లో రోజూ భయంతోనే తిరుగుతాను, ఏది కదిపితే ఆమె పోతుందోనని. మీకే అనుకున్నారా భయం?"

కత్తెర ఇంకా వెర్నా వేళ్ళలోనే ఉంది, కానీ వేళ్ళు మూసుకోవడం లేదు. ఇన్నేళ్ళూ గుమ్మంలోంచే చూసి, ఈ మనిషి లోపల కూర్చుని తన కూతుర్ని తుడిచేస్తోందనుకుంది. లోపల ఈ మనిషి కూడా తనలాగే మూత ముట్టుకోకుండా దుమ్ము తుడుస్తోంది.

కత్తెర బల్ల మీద పెట్టి, ఏప్రన్ అంచుతో ముఖం తుడుచుకుంది.

"డబ్బా తెరవడానికి భయపడ్డాను," అంది చివరికి. "అందుకే కొలవలేదు. ఇప్పుడు పట్టీ చాలదు. ఏం చెయ్యాలో తోచడం లేదు."

మనవరాలి ముందు వెర్నా "తోచడం లేదు" అనడం అదే మొదలు.

నడీన్ ఒక పట్టీ తీసుకుని వేలితో మధ్యలో మడిచింది. "ఇక్కడ కోసి, మధ్యలో చిన్న ముక్క అతికితే?"

"అతుకు కనిపిస్తుంది."

"కనిపించనివ్వండి. బొంతంటేనే అతుకులుగా."

"వేరే నీలం పెడితే మార్లిస్ గుడ్డేనని మభ్యపెట్టినట్టుంటుంది," అంది వెర్నా. ఆగి, పట్టీని వెలుగులో పెట్టి చూసింది. "ఆ పసుపు పూలగుడ్డ ఎంతుంది?"

"చాలానే ఉంది. కానీ అది నా..."

"నీదని తెలిసే అడుగుతున్నా. ఇందుకు తీసుకోగా మిగిలింది మీ కిటికీకి సరిపోతుందా లేదా, అది చెప్పు."

నడీన్ తలూపింది. కారు తాళాలు తీసుకుని గబగబా బయటికి నడిచింది. జోలీన్ మాడిన రొట్టెల పళ్ళెం బయటికి తీసి, ఏడుపులోంచే నవ్వింది. "అమ్మమ్మా, కోళ్ళు కూడా తినవు వీటిని."

"నోరు మూసుకుని ఇస్త్రీపెట్టె వేడి చెయ్యి."

ఆ రోజూ మర్నాడూ ఆ ఇంట్లో కుట్టుమిషను ఆగలేదు. వెర్నా పట్టీలు మధ్యకి కోసింది, జోలీన్ ఇస్త్రీ చేసింది, నడీన్ పసుపు ముక్కలు అతికింది. తొందరలో రెండు అతుకులు వంకరపోయాయి, విప్పి మళ్ళీ కుట్టారు. బుధవారం సాయంత్రానికి కూడా ఆఖరి వరస కలుస్తుందో లేదోనని వెర్నా ఒళ్ళంతా చెమటే. మూలరాళ్ళు చేర్చే సమయానికి మిషను ముందునుంచి లేచి, కుర్చీ వెనక్కి జరిపింది.

"కూర్చో," అంది నడీన్‌తో. "నేను సూదులు గుచ్చి ఇస్తాను. మొనని తప్పించుకుని కుట్టు."

గురువారం చర్చి కిందిగదిలో చట్రం బిగించారు. నీలం పట్టీల మధ్య పన్నెండు చుక్కలూ మొనలతో సహా నిలబడ్డాయి. చుట్టూ ఆడవాళ్ళు, మధ్యలో కాఫీ వాసన, కబుర్లు. అడీనా కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, వంగి, పట్టీ మీద వేలు పెట్టింది.

"ఇదేంటి వెర్నా? పట్టీకో పసుపు అతుకు. కొలత తప్పావా?"

చట్రానికి అవతలి పక్క నడీన్ తల వంచేసుకుంది.

"తప్పాను," అంది వెర్నా, దారం కొసని పంటితో తెంపుతూ. "మా అమ్మాయి సరిచేసింది."

వెర్నా అమ్మాయి ఎక్కడ పడుకుని ఉందో ఆ గదిలో అందరికీ తెలుసు. చర్చి వెనకాల, గోధుమ చేలో కలిసే గట్టు మీద. అడీనా వెర్నాని చూసింది, వెర్నా చూపు ఎటుందో చూసింది, కళ్ళద్దాలు పైకి తోసుకుని సూది అందుకుంది.

నడీన్ చేతిలో సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు, కుట్టు కనిపించడం లేదామెకి.

"కానియ్యి," అంది వెర్నా మెల్లగా, చట్రం మీదుగా. "అవతల పెళ్ళి పెట్టుకుని అలా కూర్చుంటే ఎలా?"