ఎంగిలి జాడ

"కదలకండి. ఇంకో రెండు నిమిషాలు," అంది డాక్టర్ వకుళ.

స్కానర్ గొట్టంలో పడుకున్న మంగతాయారు కదల్లేదు. నలభై తొమ్మిదేళ్ళు, తొంభై ఆరు కిలోలు, పదేళ్ళ షుగరు. మోకాళ్ళు మార్చకపోతే ఇక నడక లేదని సర్జన్ చెప్పేశాడు.

ఆ రోజుల్లో తీరనగరం ఆరోగ్య బడ్జెట్‌లో మూడో వంతు ఊబకాయపు జబ్బులకే పోయేది. అందుకే కొత్త చట్టం వచ్చింది: ఒళ్ళు ఎవరి తప్పువల్ల పెరిగితే వైద్యం ఖర్చు వాళ్ళదే. తప్పు తేల్చడానికి వకుళ ఫ్యాట్ ట్రేసర్ కనిపెట్టింది. అది కొవ్వు కణాలను పొరలు పొరలుగా చదివి, ఏ తిండి ఎవరి కంచంలోంచి వచ్చిందో చెబుతుంది. ఎంగిలి తింటే అవతలి మనిషి డీఎన్‌ఏ గుర్తు ఆ కొవ్వులో ఉండిపోతుంది.

"పరీక్షలెందుకు డాక్టరమ్మా, దీనికి నోటికి అదుపు లేదని రాసేయండి," అన్నాడు భర్త వీరభద్రం. "పొద్దస్తమానం వంటింట్లోనే ఉంటుంది."

"ఉండి ఏం చేస్తుందండీ?"

"ఏముంది, వంట!"

స్క్రీన్ మీద బొమ్మ తేలింది. సగానికి పైగా కొవ్వులో మరో నలుగురి గుర్తులు. భర్త, ఇద్దరు కొడుకులు, అత్తగారు.

"వాళ్ళు వదిలేసింది పారెయ్యొచ్చు కదండీ?" వకుళ మంగతాయారుని అడిగింది.

"అన్నం పారేస్తే మా అత్తగారు ఊరుకోరమ్మా. పెద్దాడు సగం కొరికిన గారె, ఈయన వదిలేసిన పెరుగన్నం... ఆ ఇంటికి నా పొట్టే చెత్తబుట్ట," అని నవ్వింది మంగతాయారు.

తప్పు ఎంగిలి వదిలినవాళ్ళదని వకుళ తీర్పు రాసింది. ఆపరేషన్ ఖర్చు ఆ నలుగురూ భరించాలి. ఆర్నెల్లు ఆగి, కొత్త కొవ్వులో ఎంగిలి జాడ లేదని రుజువైతే మాత్రం ఖర్చంతా ప్రభుత్వానిదే. వీరభద్రం ఆగుతానన్నాడు. ఇకనుంచి ఆ ఇంట్లో మంగతాయారుకీ ఒక కంచం పెడతారని వకుళ సంతోషించింది. చదువుకున్నవాళ్ళం ఇలాంటివి బాగానే ఊహిస్తాం.

ఆర్నెల్ల తర్వాత మంగతాయారు చక్రాల కుర్చీలో వచ్చింది. ఇరవై ఎనిమిది కిలోలు తగ్గింది. ట్రేసర్ పచ్చలైటు వెలిగించింది: ఎంగిలి సున్నా.

"చూశారా డాక్టరమ్మా! అందరం మాట మీద నిలబడ్డాం. గిన్నె అడుగు కూడా గీకేస్తున్నాం," అన్నాడు వీరభద్రం.

సర్జన్ మాత్రం ఆపరేషన్ ఆపేశాడు. హిమోగ్లోబిన్ ఆరు. ఈ రక్తంతో మత్తిస్తే మనిషి దక్కదు, బలం పుంజుకునేదాకా మోకాళ్ళ మాట ఎత్తొద్దన్నాడు.

వకుళ కుర్చీ దగ్గర కూర్చుంది. "మీరేం తింటున్నారండీ?"

మంగతాయారు గొంతు తగ్గించింది. "అందరూ తిన్నాకే కదమ్మా నేను కూర్చునేది. ఇప్పుడేమీ మిగలట్లేదు."

"ఇంకో గ్లాసు బియ్యం పోసుకోవచ్చుగా?"

"మిగిలితే మళ్ళీ మీ మిషన్‌కి దొరికిపోతామని ఈయన భయం. బియ్యం ఆయనే కొలిచి ఇస్తున్నారు."

వకుళ మిషన్ వైపు చూసింది. అది కొవ్వును చదవగలదు. పస్తును చదవడం దానికి ఆమె నేర్పలేదు.

ఎంగిలి లేని ఇల్లని సర్టిఫికెట్ అడిగి తీసుకుని, వీరభద్రం కుర్చీ తోసుకుంటూ బయల్దేరాడు. "ఇదివరకు ఇద్దరం తోస్తే గానీ కదిలేది కాదు డాక్టరమ్మా," అన్నాడు మురిసిపోతూ. "ఇప్పుడు ఒంటిచేత్తో తోసేస్తున్నాను."