వెలిసిన కెంపు

జనగామలో ఎండ పసుపునీళ్లలా కిటికీలోంచి పారుతున్న వేళ, నగలు రూపుదిద్దే అర్షియా డిటెక్టివ్ రాజీ గదిలోకొచ్చి కూర్చుంది.

"అక్కా, నేను రాయి మార్చిన దొంగనని సౌందర్య ఊరంత చెప్తనంటుంది. ఇగ నన్ను నమ్మి నగ ఎవరు చేయించుకుంటరు?"

సౌందర్య తన నానమ్మ సాలమ్మకు హారం చేయించింది. అందులో మూడు రాళ్లు, ముసలమ్మ బతుకులోని మూడు చోట్లు. పుట్టిన నర్మెట్టకు పచ్చ, మిర్చి పండించిన మహబూబాబాద్‌కు ఎరుపు, భర్త చాంద్యా బొగ్గు తవ్విన భూపాలపల్లికి నలుపు. నిన్న అర్షియా ఇచ్చి వచ్చింది. పొద్దున సౌందర్య చూస్తే ఎర్రరాయి ఉండాల్సిన చోట నీళ్లలాంటి రాయి.

"నువ్వు చూసినవా?"

"ముట్టనిస్తే గదా."

"ఎరుపు ఎట్ల తెచ్చినవ్?"

"లేత కెంపు అక్కా. వెనక ఎర్రరేకు పెట్టి లక్కతో మూసిన."

రాజీ సహాయకుడు ఐలేశ్ ఇరవయ్యేళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. అందర్నీ అనుమానించడం అతనికి వృత్తిధర్మం. ఒక్కరినే అనుమానించే రాజీ అంటే అందుకే అంత భక్తి.

ముగ్గురూ కురవి దగ్గరి తండాకు వెళ్లేసరికి సాలమ్మ రవికెకు అద్దాలు కుడుతోంది. వెలుగులు గోడమీద చేపపిల్లల్లా ఈదుతుంటే ఐలేశ్ వాటిలో మునిగిపోయాడు. రాజీ సూదిని చూసింది. తెల్లదారానికి ఎర్రటి మెరుపు నలుసు అంటుకుని ఉంది.

"నిన్నటి సంది హారం ఎవరి దగ్గరున్నది?"

"నానమ్మ మెడల," అంది సౌందర్య. "ఇంకెవరు ముట్టలే. అంటే తెచ్చినామెనే మార్చింది."

రాజీ అందర్నీ ఉన్న ఒక్క మంచంమీద కూర్చోబెట్టింది. మంచం మూలిగింది.

"రాయి మారలే. గదే కెంపు. సూదితో లక్క లేపి రేకు గీకిన్రు. వెనక గీకితే అద్దం ఉత్త గాజైతదని ఈ ఇంట్ల ఒకరికి చిన్నప్పటి సంది తెలుసు."

సాలమ్మ దారం కొరికింది.

"నేనే గీకిన. ఈ పిల్ల మీద పడ్తదనుకోలే. మేం మిర్చి పండించిన ఏడు కల్లంల దానిమీద వాన కొట్టి అంత తాలైంది, తెల్లగ. అందుకే మీ తాత బొగ్గుబాయికి పోయిండు. నా యాదిల లేని ఎరుపు మెడల బరువైంది బిడ్డా."

"నాకు చెప్పొద్దా, నానమ్మా?"

"రంగులన్ని నువ్వే చెప్తివి. నన్నెవలడిగిన్రు?"

సౌందర్య హారం తెచ్చి అర్షియా ఒళ్లో పెట్టింది. "మాఫ్ చెయ్ అక్కా. ఊరికి గిదే చెప్త."

అర్షియా ముసలమ్మ పక్కకు జరిగింది. "రేకు లేకుంటనే మూస్త అవ్వా. మరి నలుపు? అదన్న నిజమేనా?"

"గది నిజమే," అంది సాలమ్మ. "ఎన్ని సబ్బులరిగినా ఆయన తెల్లగ కాలే."