పో... వద్దు

వంతెన మీదుగా నీళ్లు పొర్లిన వరదకు అది మూడో ఏడు. ఆ ఉదయం తాళాలు బాగుచేసే ఆయన ముందుగదిలో కూర్చుని కూతురి నాటకం కాగితాలు చదువుతున్నాడు. కూతురు ఇస్త్రీ చేస్తూ వింటోంది. ఆయన చదివింది మూడు తరగతులే. అక్షరాలు కూడబలుక్కుంటూ, పంక్తి చివర ఊపిరి పీల్చుకుంటూ చదువుతాడు. బడిలో కుందేలు వేషం వేసిన నాటినుంచీ ఆ పిల్లకు మాటలన్నీ తండ్రి నోట వింటేనే వచ్చేవి. ఇప్పుడు యూనివర్సిటీ నాటకంలో ముసలితల్లి వేషం. కొడుకు ఓడెక్కుతుంటే రేవులో నిలబడి ఆపాలి.

"నన్నొదిలి పో..." అని ఆయన ఊపిరి తీసుకున్నాడు. "వద్దు."

పోవద్దు అన్న మాట కాగితంలో పంక్తి చివర రెండుగా విరిగింది. ఆయన రెండు మాటలుగా చదివాడు, పిల్ల రెండు మాటలుగానే నేర్చుకుంది.

సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. నాటకం నేర్పే మాస్టారు పొమ్మంటున్నావా, వద్దంటున్నావా, ఏదో ఒకటి తేల్చుకో అన్నాడట. అందరూ పగలబడి నవ్వారట. ఎన్నిసార్లు చెప్పించినా నాలుక అక్కడే ఆగుతోందట. తల్లి కుట్టుమిషన్ ఆపకుండానే, తాళాలు విడదీసే చెయ్యి కదా, మాటల్నీ విడదీసి పెట్టారు అంది. ఆయన నవ్వలేదు.

అసలు గొడవ వేరే ఉంది. మరో ఊళ్లో రెండేళ్లపాటు నటన నేర్పే కాలేజీలో ఆ పిల్లకు సీటొచ్చింది. హాస్టల్ ఫారం మీద తండ్రి సంతకం కావాలి. ఆ ఫారం పది రోజులుగా ఆయన పనిముట్ల పెట్టె కిందే ఉంది. గడువు ఇంకా మూడు రోజులు.

"పెట్టనని అయినా చెప్పు నాన్నా. ఊరందరి తాళాలూ తీస్తావు, నీ నోటికి వేసుకున్నది మాత్రం తీయవు."

"వేషాలు కడితే బతుకు గడుస్తుందా?"

"గడుపుకుంటాను. నీకు నీ పని ఎలా వచ్చో, నాకు ఇది అలా వచ్చు. చదివిపెట్టడమే గానీ, ఒక్కసారైనా వచ్చి చూశావా నువ్వు?"

చూడలేదు. ప్రతిసారీ కొట్టు అడ్డం వచ్చింది. ఆయన ఆకురాయి అందుకుని, అరగదీయాల్సిన పనేమీ లేకపోయినా ఏదో అరగదీస్తూ కూర్చున్నాడు.

మర్నాడే నాటకం. ఆయన కొట్టు పెందలాడే మూసి, భార్యతో కలిసి వెళ్లి మూడో వరసలో కూర్చున్నాడు. నడుం వంచుకుని వచ్చిన ఆ ముసలామె తన కూతురేనని పోల్చుకోవడానికి కాస్త సేపు పట్టింది. ఆ తర్వాత ఆమె మాట్లాడుతుంటే ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి. చదివి చదివి నాటకమంతా నోటికొచ్చేసింది మరి.

ఓడ కూత పెట్టింది. "నన్నొదిలి" అంటూ ఆమె చూపు తండ్రి మీద పడింది. ఆయన పెదాలు అలవాటుగా పో దగ్గర ఆగాయి. వేదిక మీద ఆమె కూడా, "పో" అని ఆగిపోయింది. తెర పక్కన మాస్టారు కలుపు కలుపు అని చేతులు ఊపుతున్నాడు. ఆమె కలపలేదు. హాల్లో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. ఆ తల్లికి పొమ్మనాలనీ ఉంది, ఆపాలనీ ఉంది, రెండూ ఒక్క గొంతులో పట్టడం లేదు. పది రోజులుగా తనకు నోరు పెగలనిది ఇందుకేనని ఆయనకు అప్పుడు తెలిసింది.

"వద్దు" అంది ముసలితల్లి, కొడుకును తన చేత్తోనే ఓడ వైపు తోస్తూ.

ఆయన చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. భార్య ఆయన వైపు చూడకుండా, "మూడు తరగతులకే ఇలా ఉంది, నాలుగోది కూడా వెలగబెట్టి ఉంటే ఏమయ్యేదో" అంది. నాటకం అయ్యాక మాస్టారు కూతురి దగ్గరికి వచ్చి, ఇకమీద ఆడేటప్పుడూ ఆ విరుపు అలాగే ఉంచమని మాత్రం చెప్పి వెళ్లాడు.

తెల్లారి ఆయన పెట్టె పక్కకు జరిపి, ఫారం తీసి, ఒక్కో అక్షరమే పేర్చి సంతకం పెట్టాడు. కూతురు అది రెండుసార్లు చూసుకుంది.

"పొమ్మంటున్నావా నాన్నా, వద్దంటున్నావా?"

"మొదటి మాటే" అన్నాడు.

తర్వాత వీధి తలుపుకి ఇంకో తాళంచెవి కోసి, అంచులు గీసుకోకుండా నున్నగా రుద్ది, ఎగిరిపోకుండా ఆ ఫారం మీద పెట్టి కొట్టుకి వెళ్లాడు.