నలభై ఒకటో చోటు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది గని గేటు కాడ కూర్చునే బాలస్వామి. తాండూరు హోటళ్లలో చాయ్ తాగుతూ సూపర్‌వైజర్ వెంకటేశం చెప్పేది వేరే. దాన్ని నమ్మకండి. ఆ పొద్దు అతను కిటికీ బయట నిలబడ్డాడు, బాలస్వామి గది లోపల ఉన్నాడు. లోపలున్నవాడు చూసిందీ, నిరోషా అతని దగ్గర చెప్పుకున్నదీ చెప్తున్నాను. ఒక్క మాట కలపలేదు.

నిరోషా వికారాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆ రోజు పొద్దున రైలుకే తాండూరు వచ్చి, ఆటో ఎక్కి నాపరాళ్ల గనికి చేరింది. మూడు రోజులుగా ముసురు. ఆమె తండ్రి బాలప్ప ఆ గనిలోనే ఇరవై ఏండ్ల నుంచి డ్రిల్లు పడతాడు. గేటు పక్కన రేకుల గది. లోపల తడిసిన రాతిపొడి వాసన, కాలిన వైర్ల వాసన. టేబుల్ మీద ఆమె కంపెనీ పెట్టిన కంప్యూటర్ పెట్టె.

ఆ పెట్టె పని ఒక్కటే, గుంతలో ఎవరున్నారో యాది పెట్టుకోవడం. ప్రతి మనిషి టోపీకి నంబరు బిల్ల ఉంటుంది. గేటు దాటి దిగగానే పెట్టె తన మెమరీలో అతనికి ఒక చోటు ఇస్తుంది. టోపీ బటన్ నొక్కితే కింది మాట పైన స్పీకర్‌లో వినబడుతుంది. ఆ పిలుపులన్నీ ఆ చోటుకే తగిలించి ఉంచుతుంది. మనిషి ఎక్కినాక, ఇక ఆ చోటును ఎవరూ పట్టుకుని లేరని తేలితే, ప్రోగ్రాంలోనే ఊడ్చే పని చేసేది ఒకటి వచ్చి ఖాళీ చేస్తుంది. గార్బేజ్ కలెక్టర్ అంటారు దాన్ని. ఖాళీ అయిన చోటు తర్వాత దిగేవాడికి పోతుంది. కింద ఎందరున్నారో చూపే బోర్డు మీద సున్నా పడితేనే బండలు పగలగొట్టే తూటాలు పేల్చాలి.

నెల రోజులుగా ఆ పెట్టె మధ్యాహ్నానికి నిండిపోయి బిగుసుకుపోతోంది. సున్నా పడడం లేదు. తూటాలు పేలడం లేదు.

"నీ పెట్టెకు అజీర్తి చేసినట్టుంది. జర సోడా తాపియ్యి," అన్నాడు వెంకటేశం కిటికీలోంచి. "నాలుగింటికి తూటాలు పేలకుంటే పెట్టెను తీస్కపోయి గుంతల పడేస్త. నీ నౌకరీ సుత దాని ఎంబడే పోతది."

"లోపల ఏదో ఊడ్వకుండ మిగుల్తుంది సార్. వెతుకుతున్న."

పొద్దంతా వెతికింది. మెమరీ మొత్తాన్నీ ఒక్క చోటే మింగుతోంది. నలభై ఒకటి. దానికి వేలకు వేలు పిలుపులు తగిలించి ఉన్నాయి. పేరు చూసింది. ఈశ్వర్.

కోట్‌పల్లి దిక్కు గొర్లు కాసుకునే ఇంటి పిల్లవాడు. ఈ గనిలోనే పనిచేసేవాడు. మూడు నెలల కింద బండ జారి మీద పడింది. శవం దొరికింది, టోపీ దొరకలేదు.

"గా నంబరు జోలికి పోకు బిడ్డా," అన్నాడు బాలస్వామి.

గనిలో పాత పద్ధతి ఒకటి ఉంది. ప్రతి నంబరుకూ రెండు బిల్లలు. ఒకటి టోపీకి, ఒకటి ఇంటికి. మనిషి పోతే, ఇంటి బిల్లను ఇంటివాళ్లే తెచ్చి తమ చేతులతో గుంతలో వేయాలి. అప్పటిదాకా ఆ నంబరును ఎవరికీ ఇవ్వరు. ఈశ్వర్ తల్లి సుమిత్రమ్మ ఇంకా వేయలేదు. కొంగున కట్టుకుని తిరుగుతోంది.

"తల్లి పట్టుకున్నన్ని దినాలు గా చోటు వానిదే," అన్నాడు బాలస్వామి.

"అది మనకెర్క పెద్దనాయినా. మిషన్‌కు ఏమెర్క?"

"మరి మిషన్ ఎందుకు ఊడుస్తలేదు?"

నిరోషా మళ్లీ తెర వైపు తిరిగింది.

చోటు నిలిచిందంటే ఎవరో పట్టుకుని ఉన్నారన్నమాట. ఎవరు? ఆమె ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ పోయింది. నాలుగు నిమిషాలకు ఒక పిలుపు వస్తోంది. నలభై ఒకటో టోపీ నుంచే. ఆ టోపీ బ్యాటరీ రెండు రోజులకు మించి ఆగదు.

చివరి పిలుపును స్పీకర్‌లో పెట్టింది.

నీళ్లు కారుతున్న చప్పుడు. బరువుగా ఊపిరి. తర్వాత, మెల్లగా...

"మీద... ఎవరన్న ఉన్నరా..."

బాలస్వామి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నిరోషా సప్పున ఆపేసింది.

"పాత పిలుపు," అంది. "మెమరీల ఇరుక్కొని మళ్లమళ్ల మోగుతుంది. గంతే."

మూడు కావస్తోంది. వెంకటేశం కిటికీ ఊచల మీద తాళంచెవితో కొడుతున్నాడు. పట్టుకున్నది ఎవరో తేలేదాకా చోటు విడిపించకూడదు. అది ఆమె చదువులో మొదటి పాఠం. అయినా ఒక్క వరుస రాసింది. ఎవరు పట్టుకున్నా సరే, నలభై ఒకటిని విడిపించు.

మెమరీ ఒక్కసారిగా ఖాళీ అయింది. బోర్డు కదిలింది.

"చూసినవా, త్రేన్పు వచ్చింది," అని నవ్వాడు వెంకటేశం.

అదే ఘడియలో బాలప్ప అన్నం తిని మళ్లీ గుంతలోకి దిగాడు. గేటు కీచుమంది. పెట్టె అతనికి ఒక ఖాళీ చోటు ఇచ్చింది. ఏ చోటు ఇచ్చిందో నిరోషా చూడలేదు.

నాలుగింటికి మబ్బు కమ్మి గది చీకటైంది. మనుషులు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. బోర్డు మీద మూడు. రెండు. ఒకటి.

సున్నా.

బాలప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి. నిరోషా ఊపిరి తీసుకుంది. బయట వెంకటేశం తూటాలు పేల్చే మీట మీద చెయ్యి పెట్టాడు.

స్పీకర్ గరగరలాడింది.

"బిడ్డా..."

బాలప్ప గొంతు.

"బిడ్డా... నేనింక ఎక్కలె. నిచ్చెన కాడ ఎవడో అడ్డం నిలవడ్డడు... గీ చోటు నాదంటుండు..."

నిరోషా మెల్లగా గుమ్మం వైపు తిరిగింది. తండ్రి అక్కడే ఉన్నాడు. పెదవులు కదలలేదు.

"నాయినా?"

అతను పరాయి ఇంట్లో నిలబడ్డట్టు సిగ్గుగా నవ్వాడు.

"ఇగ నేను పోత అక్కా," అన్నాడు. "మా అవ్వ ఎదురుచూస్తుండొచ్చు."

తండ్రి గొంతే. కానీ బాలప్ప తల్లి పోయి పదేళ్లయింది.

"సార్, ఆపుండ్రి. మా నాయిన కిందున్నడు."

"నీకేమన్న అయ్యిందా? గాయన నీ ముంగటనే ఉండె. సున్నా పడ్డది. మోగేది పాత పిలుపని నువ్వే అంటివి."

ఆమె అతన్ని ఆపడానికి బయటికి ఉరికింది. బురదలో కాలు జారింది. స్పీకర్‌లో ఊపిరి వినబడుతూనే ఉంది...

భూమి అదిరింది.

తర్వాత స్పీకర్‌లో ఏమీ లేదు. నీళ్ల చప్పుడు కూడా లేదు.

గుమ్మంలో నిలబడ్డవాడు బాలప్ప ఇంటికి పోలేదు. కోట్‌పల్లి బస్సెక్కాడు. వెనకాలే నిరోషా ఎక్కింది. సుమిత్రమ్మ వాకిట్లో గొర్లకు ఆకు వేస్తోంది. నెత్తి నెరిసిన ఆ పరాయి మనిషిని పైనుంచి కిందిదాకా చూసింది. లోపలికి పోయి, కొడుక్కి పెట్టినట్టే కంచంలో జొన్నరొట్టె పెట్టుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే గనికి వచ్చి, కొంగుముడి విప్పి, బిల్లను గుంతలోకి విసిరేసింది. కన్నీటిచుక్క రాల్చలేదు.

తూటాలకు రాలిన బండల కింద వెతకమని నిరోషా బతిమాలింది. పనికి వచ్చిన మనిషిని బండల కింద ఎందుకు వెతకాలని వెంకటేశం పంపేశాడు. ఆ పిల్లకు మతి చెడిందని ఇప్పటికీ చెప్తాడు. అబద్ధం. ఆమె నౌకరీ వదిలేసి రోజూ నాలుగింటికి గేటు దగ్గరకొచ్చి నిలబడుతుంది, నిమ్మళంగా.

గని పుస్తకంలో ఆ తారీకున, అందరూ ఎక్కారు, ఎవరికీ ఏమీ కాలేదు అని రాసి ఉంది. అది తప్పు. నేను పోయి చెప్తే, బాలప్ప దినాం పనికొస్తుండు కద ముసలాయనా అని నవ్వుతారు. వస్తున్నాడు. పొద్దున అందరితో పాటు నిచ్చెన దిగుతాడు. సాయంత్రం అందరితో పాటు వరుసలో ఉంటాడు. అతను నిచ్చెన ఎక్కడం మాత్రం బాలస్వామి ఇంతవరకు చూడలేదు.

చదువు వచ్చినవాళ్లు ఎవరైనా పోయి, ఆ పుస్తకం తెరిపించి, ఆ ఒక్క వరుస కొట్టేయించండి. కింద ఒక మనిషి ఉన్నాడని రాయించండి.